గాలి స్టీఫెన్ చీటీలు

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే దారిలో, వేరుశనగ చేల నడుమ, ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. దాని వెనక ముళ్లతీగ చుట్టిన రెండు గుంటల జాగా. ఆ తీగ లోపలిదంతా స్టీఫెన్ రాజ్యం.

రాజ్యమంటే మరీ గొప్పదేం కాదు. వాన కొలిచే డబ్బా, తెల్లరంగు చెక్కపెట్టెలో నాలుగు థర్మామీటర్లు, ఎండ ఎంతసేపు కాసిందో అట్టముక్క మీద కాల్చి చూపే గాజుగుండు, అన్నిటికన్నా ఎత్తున ఇనుపగొట్టం కొసన తిరిగే గాలిబాణం. పొద్దున ఏడింటికి ఒకసారి, పగలు రెండింటికి ఒకసారి స్టీఫెన్ గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి పోతాడు. చెప్పులు విడవమని ఏ రూలూ లేదు. ఒక్కొక్కదాని ముందూ నిలబడి, చూసి, రిజిస్టర్లో రాసుకుంటాడు. ఇరవైమూడేళ్లలో అతడు రాయని పూట లేదు. తన పెళ్లినాడు కూడా ఏడింటి లెక్క రాసి ఎనిమిదింటికి చర్చికి వచ్చాడని భార్య ఏసమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

రైతులు అతణ్ణి గాలి స్టీఫెన్ అంటారు. ఎదురుగా అన్నా అతనికి కోపం రాదు. రోడ్డుకు అవతల గోవిందు చాయ్ హోటల్లో, పొద్దుటి లెక్క రాసి వచ్చిన స్టీఫెన్ కోసం ఒక కుర్చీ ఖాళీగా ఉండేది. చేలకు పురుగుమందు కొట్టే రోజుల్లో నలుగురైదుగురు రైతులు ఆ కుర్చీ చుట్టూ చేరేవారు. గోవిందుకూ రెండెకరాల వేరుశనగ ఉంది కనుక ముందుగా అతడే అడిగేవాడు.

“స్టీఫెనన్నా, ఇయ్యాల మందు కొట్టొచ్చునా?”

స్టీఫెన్ వెంటనే చెప్పేవాడు కాదు. చాయ్ ఒక గుక్క తాగి, ఆకాశం వంక చూసి, గ్లాసు కింద పెట్టి, మళ్లీ చూసేవాడు. అంతసేపూ ఎవరూ మాట్లాడేవారు కాదు.

“పడమటి గాలి. పదింటికల్ల జోరైతది. కొడితే ఇప్పుడే కొట్టుకో. లేకుంటే నీ మందు పక్కోని చేన్ల పడ్తది.”

ఆ జవాబు కన్నా ముందు వచ్చే ఆ మౌనం ఉంది చూడండి, అతడి అసలు జీతం అదే. నెలనెలా బ్యాంకులో పడేది వట్టి డబ్బు.

కొత్తగా వచ్చినవాళ్లు గాలిబాణం చూసి పొరబడుతుంటారు. బాణం పడమరకు చూస్తోంది కాబట్టి గాలి పడమరకు పోతోందనుకుంటారు. స్టీఫెన్ ఓపికగా చెప్పేవాడు. “బాణం మొఖం ఎటుంటే గాలి అటు నుంచి వస్తది. ఇంటికి సుట్టం వస్తే ఏ ఊరి నుంచి వచ్చిండని అడుగుతం గని, ఏ ఊరికి పోతడని అడుగుతమా?” రిజిస్టర్లో దాన్ని అంకెల్లో రాస్తారు. తూర్పు నుంచి వస్తే తొంభై, పడమర నుంచి వస్తే రెండువందల డెబ్బై.

ఈ పాఠం నమ్మనిది ఒక్కతే, అతడి తల్లి సారమ్మ. నలభై ఏళ్లు పరాయి కల్లాల్లో చాట పట్టి గింజ తూర్పారబట్టిన మనిషి. “వచ్చే గాలితోని నాకేం పని బిడ్డా? పొట్టు ఎటు పోతదో నాకు గది కావాలె” అనేది. కొడుకు పడమటి గాలి అన్నదాన్ని ఆమె తూర్పుకు పోయే గాలి అనేది. కోతల కాలం వస్తే తల్లీకొడుకులకు రోజూ ఇదే పంచాయితీ. “మీ లొల్లికి సిగ్గయి గాలే ఆగిపోతది” అని ఏసమ్మ ఇద్దరికీ చెరో రొట్టె వేసి నోళ్లు మూయించేది.

ఇట్లా సాగుతున్న రాజ్యంలోకి పోయిన ఏడు జూన్‌లో అర్చన వచ్చింది.

బల్మూర్ పిల్ల. ఎమ్మెస్సీ చదివింది, ఇరవైనాలుగేళ్లుంటాయేమో. ఆరునెలల కాంట్రాక్టు మీద ఒక ప్రాజెక్టులో చేరింది. ఆమె పనేమిటంటే, ఎండ పైనుంచి నేలకు చేరేలోగా నడుమ గాలిలోని దుమ్ము, పొగ, తేమ దాన్ని ఎంత మింగుతాయో, పంటకు ఎంత మిగులుతుందో సాఫ్ట్‌వేర్‌లో లెక్కవేయడం. కేంద్రానికి పడమట కోసెడు దూరంలో కంకర మిషన్లున్నాయి. ఆ దుమ్ము ఏ రోజు ఎటు పోయిందో తెలియాలంటే సాఫ్ట్‌వేర్‌కు రోజూ గాలి దిక్కు చెప్పాలి. అది చెప్పినదాన్ని నేల మీద నిజంగా పడిన ఎండతో సరిపోల్చి చూడాలి. అందుకోసం ఆమె ఒక మీటరు తెచ్చింది. అరచేతిలో పట్టేంతది, తెల్లగా, పైన చిన్న గాజుబొడిపెతో. దాన్ని స్టీఫెన్ కంచెలోనే పాతారు.

ఆమె ఇంటికి పోయాక స్టీఫెన్ వెళ్లి వేళ్లతో కొలిచాడు. అతడి గాజుగుండు కన్నా ఆ మీటరు నాలుగు వేళ్లు ఎత్తున ఉంది.

అక్కడ మొదలైంది.

ఆ పిల్ల అతణ్ణి అంకుల్ అంటుంది. కేంద్రం అధికారి భానుప్రకాశ్‌ను సార్ అంటుంది, గుమాస్తా లక్ష్మణ్‌ను సార్ అంటుంది, చివరికి కరెంటు బాగుచేయడానికి వచ్చినవాణ్ణి కూడా సార్ అంది. స్టీఫెన్ ఒక్కడే అంకుల్. కంచె లోపలికి పోయేటప్పుడు ఆమె చెప్పులు విడవదు. విడవాలన్న రూలు లేదు కాబట్టి అతడు ఏమీ అనలేడు. మరునాడు పొద్దున తడిమట్టిలో ఆ చెప్పుల గుర్తులు చూసుకుంటూ నిలబడేవాడు.

జులైలో ఒకరోజు గోవిందు హోటల్లో స్టీఫెన్ చాయ్ గుక్క తాగి, ఆకాశం వంక చూసి, గ్లాసు కింద పెట్టేలోగా గోవిందు పక్కకు తిరిగాడు.

“మేడమూ, నీ కంప్యూటర్ల ఏం చూపిస్తుంది?”

“పగటి దాకా ఏం కాదన్నా, కొట్టుకో” అంది అర్చన, బిస్కెట్ చాయ్‌లో ముంచుకుంటూ.

ఆకాశం వంక చూడనైనా లేదు. అడిగింది, చెప్పింది, బిస్కెట్ తిన్నది. ఇరవైమూడేళ్లుగా పోగుచేసుకున్న ఆ మౌనాన్ని బిస్కెట్ ముక్కలా నమిలేసింది. గోవిందు అక్కడికక్కడే లేచి పంపు భుజాన వేసుకున్నాడు. స్టీఫెన్ చాయ్ చల్లారిపోయింది.

ఇది చాలదన్నట్టు ఇంట్లో ఏసమ్మ ఒకటి మొదలుపెట్టింది. ఆ పిల్ల వనపర్తిలో గది తీసుకుని ఒంటరిగా ఉంటోందని, వండుకోవడానికి తీరిక లేదని విన్నది. మరునాటి నుంచి రెండు టిఫిన్ డబ్బాలు తయారు, ఆ పిల్లకు ఎర్రది, స్టీఫెన్‌కు తెల్లది. మోసేది ఎవరు? స్టీఫెనే. నాలుగు రోజులు మోశాడు. ఐదో రోజు దారిలో బండి ఆపి, అటూ ఇటూ చూసి, రెండు మూతలూ తీశాడు. జొన్నరొట్టెలు సమానం. పల్లీల చట్నీ సమానం. ఆ పిల్ల డబ్బాలో ఉడికించిన గుడ్లు రెండు. తన డబ్బాలో ఒకటి.

తన వయసు యాభైయొకటి అనీ, ఆ పిల్ల తనకు కూతురయ్యేంత చిన్నదనీ స్టీఫెన్‌కు తెలియక కాదు. రాత్రి అన్నాలప్పుడు మాత్రం అడక్కుండా ఉండలేకపోయాడు.

“మనకు గుడ్లు కరువొచ్చినయా?”

“నీకు కొవ్వెక్కువున్నదని దవాఖానల చెప్పలే?” అంది ఏసమ్మ, కళ్లెత్తకుండానే.

అర్చన ఆగస్టు మొదట్లో రిజిస్టర్ అడిగింది. రోజూ ఫోన్లో ఫొటో తీసుకుంటానంది. అప్పటిదాకా భానుప్రకాశ్ సారు తన ఫోన్లో పంపుతుండేవాడు.

“గది గవర్నమెంటు రిజిస్టర్. ఎవరికంటే వాళ్లకు ఇయ్యరాదు” అన్నాడు స్టీఫెన్. “నేనే చీటి మీద రాసిస్త. తీసుకో.”

“సరే అంకుల్. మీకే తిప్పలు” అందామె. ఆ మాటలో వెటకారమేమైనా ఉందా అని రెండు రోజులు వెతుక్కున్నాడు. లేదు. లేనందుకు ఇంకా మంటగా అనిపించింది.

రోజుకు రెండు చీటీలు. ఆమె వాటిని కంప్యూటర్‌లో ఎక్కించుకుని చెత్తబుట్టలో వేసేది.

ఆగస్టు పదహారున ఆమె భోజనానికి బయటికి పోయింది. స్టీఫెన్ ఆమె గదిలోకి పోయాడు. ఊరికే తిరుగుతున్న ఫ్యాన్ ఆపడానికే పోయాడు. టేబుల్ మీద సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతి ముద్రించిన కాగితాలున్నాయి. ఒకచోట పసుపు రంగు పెన్నుతో గీత గీసి ఉంది. స్టీఫెన్ ఇంగ్లీషు మందగొడిదే అయినా గాలికి సంబంధించిన మాటలు అతనికి ఎక్కడున్నా తెలుస్తాయి. వేలు పెట్టుకుని మూడుసార్లు చదివాడు. ఈ సాఫ్ట్‌వేర్‌లో గాలి దిక్కు అంటే గాలి ఎటు నుంచి వస్తుందో కాదు, ఎటు పోతుందో అది.

అమ్మ లెక్క! పొట్టు ఎటు పోతదో అన్న లెక్క.

ఫ్యాన్ ఆపడం మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు. ఆ పిల్ల తన చీటీలో ఉన్నది ఎటు నుంచో, ఎటుకో ఏనాడూ అడగలేదు. అంటే ఇన్నాళ్లూ ఉల్టా ఎక్కిస్తోందన్నమాట. ఎమ్మెస్సీ చదివి, అంత ఎత్తున మీటరు పెట్టి!

ఇక్కడ ఒక్క మాట చెబితే అయిపోయేది. ‘బిడ్డా, నా చీటిల ఉన్నది వచ్చే దిక్కు, జర తిప్పి రాసుకో’ అంటే చాలు. అరనిమిషం పని. కానీ అరనిమిషంలో చెప్పేస్తే అరనిమిషపు గొప్పే వస్తుంది. అదే తనే గుట్టుగా తిప్పి రాసిచ్చి ఊరుకుంటే? ఏదో ఒకనాడు ఆ పిల్లకు తెలుస్తుంది. మొహం వేలాడేసుకుని వస్తుంది. గోవిందు హోటల్ ముందు, నలుగురి నడుమ, “గాలి దిక్కు తిప్పాల్నంట, ఇన్నాళ్లు చూసుకోలే” అంటుంది. అప్పుడు తాను చాయ్ గుక్క తాగి, ఆకాశం వంక చూసి, గ్లాసు కింద పెట్టి, “గవి ఎప్పుడో తిప్పిన” అంటాడు. ఆమె నోట అంకుల్ పోయి సార్ వస్తుంది.

ఈ దృశ్యం అతనికి ఎంత నచ్చిందంటే, ఇంటికి పోతూ బండి మీద రెండుసార్లు ఆడుకున్నాడు.

మరునాటి నుంచి తిప్పడం మొదలైంది. బాణం పడమర చూపితే రిజిస్టర్లో రెండువందల డెబ్బై, చీటీలో తొంభై. రిజిస్టర్లో అబద్ధం రాయడం అతడి వల్ల కాదు. చీటీలో తిప్పిన ప్రతి పూటకూ రిజిస్టర్లో ఆ అంకె పక్కన పెన్సిల్‌తో ఆవగింజంత చుక్క పెట్టాడు. అది ఎవరి కోసమూ కాదు. చేసిన పనిని ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే అతనికి అన్నం సహించదు.

ఎదురుచూశాడు. ఆ పిల్ల ఏమీ అనలేదు. చీటీ తీసుకునేది, “థాంక్యూ అంకుల్” అనేది, అంతే.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం ఏసమ్మ ఆమెను ఇంటికి భోజనానికి పిలిచింది. చర్చి నుంచి రాగానే స్టీఫెన్ కంచెలో గడ్డి కోయాలని చెప్పి బయటపడ్డాడు. అరగంటలో కోసేంత గడ్డి. సాయంత్రం దాకా తెల్లపెట్టె నీడలో, ఖాళీకడుపుతో కూర్చున్నాడు. ఇంట్లో కోడికూర వాసన అక్కడిదాకా రాదు గానీ అతనికి వచ్చింది. ఇంటికి చేరేసరికి ఆ పిల్ల వెళ్లిపోయింది. డాబా మీదంతా పెసల పొట్టు.

“ఎంత మంచి పిల్ల, స్టీఫెనూ” అంది సారమ్మ, తలలోని పొట్టు దులుపుకుంటూ. “నా పక్కన చాట పట్టుకొని ఒకటే అడుగుడు. గాలి గురించి ఏమన్నదో తెల్సునా...”

“నాకు చెప్పకు. ఆ పిల్ల ముచ్చట నా ముంగట తేకు” అని అతడు కూర గిన్నె మూత తీశాడు. మెడముక్క, రెండు రెక్కలు మిగిలాయి.

అక్టోబర్ వచ్చేసరికి అర్చన మొహం పీక్కుపోయింది. మొదటి రెండున్నర నెలలు చక్కగా కలిసిన లెక్క ఆగస్టు నడుమ నుంచి కలవడం మానేసింది. కంకర దుమ్ము కమ్మి మీటరు మసక ఎండ చూపిన రోజున సాఫ్ట్‌వేర్ ఆకాశం నిర్మలమంటుంది. మీటరు తళతళలాడే ఎండ చూపిన రోజున సాఫ్ట్‌వేర్ దుమ్ము కుమ్మరిస్తుంది. ఆమె మీటరు గాజు తుడిచింది, తీగ మార్చింది, ప్రోగ్రాం మొత్తం మూడుసార్లు చదివింది. టిఫిన్ డబ్బా సగం తిని మూసేది. డబ్బా తిరిగి ఇంటికి మోసుకుపోయే స్టీఫెన్‌కు మిగిలిన గుడ్డు కనిపించేది.

చివరికి భానుప్రకాశ్ సారు ఇద్దర్నీ తన గదికి పిలిచాడు. టేబుల్ మీద ఒక పక్క రిజిస్టర్, ఒక పక్క లాప్‌టాప్.

“ఆగస్టు పదిహేడు, రిజిస్టర్‌లో రెండువందల డెబ్బై. నీ దాంట్లో తొంభై. పద్దెనిమిది, అదే తీరు. పందొమ్మిది, అదే. ఏందమ్మా ఇది?”

అర్చన వంగి చూసింది. “చీటిల ఎట్లున్నదో గట్లనే ఎక్కించిన సార్.”

“చీటీలు ఏవి?”

“ఎక్కించినంక పడేస్త సార్.”

భానుప్రకాశ్ సారు స్టీఫెన్ వైపు తిరిగాడు. “నీ రిజిస్టర్ సరైందేనా?”

“ఇరవైమూడేండ్లల ఒక్క అంకె తప్పు పోలే సార్” అన్నాడు స్టీఫెన్.

అబద్ధం కాదు. అడిగినదానికి జవాబు చెప్పాడు. అడగనిది చెప్పలేదు, అంతే. కాళ్లు మాత్రం ఎందుకో ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డాయి.

“మరింకేం. ఎక్కించేటప్పుడే తప్పు పోయింది” అన్నాడు సారు. “ఎల్లుండి జయశ్రీ మేడం హైదరాబాద్ నుంచి వస్తున్నది. నీ కాంట్రాక్టు పొడిగించాల్నా వద్దా అన్న కాగితం ఆమె చేతిల ఉన్నది. అందులో నేనేం రాయాలె చెప్పు? అజాగ్రత్త అని రాయక తప్పదు.”

అర్చన తన చేతివేళ్ల వంక చూసుకుంది, ఆ తప్పు అవే చేసినట్టు. “నేనే ఆగమాగం ఎక్కించిన్నేమో సార్” అంది మెల్లగా.

స్టీఫెన్ గది దాటి, గేటు దాటి, రోడ్డు దాటి గోవిందు హోటల్లో కూర్చున్నాడు. వార్త అతనికన్నా ముందే చేరింది.

“ఆ పిల్ల లెక్క తప్పిందంట కదన్నా” అన్నాడు గోవిందు గ్లాసు అందిస్తూ. “నేను ముందే అనుకున్న. గాలి సంగతి నీకు తెల్సినంత ఎవరికి తెలుస్తది?”

నాలుగు నెలలుగా ఎదురుచూసిన మాట అది. స్టీఫెన్ గుక్క తాగాడు.

“చక్కెర వెయ్యలేదేంది?”

“రెండు చెంచాలేసిన అన్నా.”

తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. నేను తిప్పింది ఆ సాఫ్ట్‌వేర్ అడిగినట్టే తిప్పిన. అది సరైన పనే. లెక్క కలవలేదంటే ఇంకెక్కడో ఆ పిల్లే తప్పు చేసుంటది. నాదేముంది. ఈ మాటలు ఇంటిదాకా అతణ్ణి మోసుకొచ్చాయి.

మాపటి అన్నాల దగ్గర ఏసమ్మే ఎత్తింది. “ఆ పిల్ల నౌకరి పోతదంట? గాలి లెక్క తప్పు రాసిందంట?”

“గాలి లెక్క ఆ పిల్ల ఎట్ల తప్పుతది?” అంది సారమ్మ. “మొన్న డాబా మీద నాకే చెప్పవట్టె. ‘అవ్వా, నా కంప్యూటరు అచ్చం నీ లెక్క. గాలి ఎటు పోతదో గదే అడుగుతది. అంకులేమో ఎటు నుంచి వస్తదో రాస్తడు. గందుకే అంకుల్ రాసింది ఏదొచ్చినా ముందుగాల తిప్పి, అటెంక లెక్క చేయుమని మొదటి దినమే దానికి చెప్పి పెట్టిన’ అన్నది. నీకు చెప్పొస్తే, చెప్పకు అంటివి.”

స్టీఫెన్ చేతిలో రొట్టెముక్క చట్నీలోనే ఆగిపోయింది.

తను తిప్పాడు. తిప్పినదాన్ని కంప్యూటర్ మళ్లీ తిప్పింది. రెండుసార్లు తిరిగిన బాణం మొదటికే వచ్చి నిలబడింది. ఆ పిల్ల అడగకపోవడం తెలియక కాదు. తెలుసు కాబట్టే. గాలి స్టీఫెన్ ఎట్లా రాస్తాడో అడగాల్సిన అవసరమే లేదన్నంత నమ్మకంగా, మొదటి రోజు నుంచీ తెలుసు.

“ఏమైంది?” అంది ఏసమ్మ. ఆమె భర్త మొహాన్ని కాసేపు చదివింది. “ఆ పిల్లను ఏం చేసినవ్?”

“నేనేం చేస్త?”

“ఏమో. డబ్బల మూతలు తీసి చూసేటోడు ఏమన్న చేస్తడు. గుడ్లు లెక్కపెట్టిన దినమే నాకెరుకైంది. ఎర్ర మూత తెల్ల డబ్బకు పెట్టి తెచ్చినవ్.”

సారమ్మ నోరు కొంగుతో మూసుకుంది. నవ్విందో, జాలిపడిందో తెలియదు. స్టీఫెన్ చెయ్యి కడుక్కోవడానికి లేచి, కడుక్కున్నాక కూడా చాలాసేపు నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడు.

జయశ్రీ మేడం రెండు రోజుల తర్వాత పొద్దున పదకొండింటికి వచ్చింది. కళ్లజోడు గొలుసుకు వేలాడదీసుకుంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. భానుప్రకాశ్ సారు కాగితం ముందుపెట్టుకుని మొదలుపెట్టబోతుండగా, రిజిస్టర్ చంకన పెట్టుకుని స్టీఫెన్ లోపలికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు.

గదిలో నలుగురే ఉంటారనుకున్నాడు. గోవిందు చాయ్ కేటిల్‌తో నిలబడి ఉన్నాడు. స్టీఫెన్ అతడు పోయేదాకా ఆగుదామనుకున్నాడు. గోవిందు ఏదో ఉందని పసిగట్టి, గ్లాసులో చాయ్‌ని చుక్కచుక్కగా పోయసాగాడు. ఇక లాభం లేదు.

“తప్పు ఆ పిల్లది కాదు మేడం. చీటిల గాలి తిప్పింది నేను.”

భానుప్రకాశ్ సారు కుర్చీలో నిటారుగా అయ్యాడు. అర్చన తలెత్తింది.

స్టీఫెన్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఫ్యాన్ ఆపడానికి పోయిన సంగతి నుంచి చెప్పాడు. రిజిస్టర్ తెరిచి పెన్సిల్ చుక్కలు చూపించాడు.

“ఎన్ని రోజులు?” అంది జయశ్రీ మేడం.

“అరవైనాలుగు దినాలు మేడం. చుక్కలున్న పూటలన్నీ తిప్పినయే. మూడు పూటలకు చుక్క లేదు. అప్పుడు గాలి లేకుండె. లేని గాలిని తిప్పరాదు.”

ఆమె కళ్లజోడు పెట్టుకుని ఆ చుక్కల్ని చూసింది. తర్వాత అతణ్ణి చూసింది.

“ఎందుకు తిప్పావు? ఆమెకు చెబితే సరిపోయేది కదా.”

ఈ ప్రశ్న వస్తుందని స్టీఫెన్‌కు తెలుసు. జవాబు దారంతా తయారుచేసుకున్నాడు. సాయం చేద్దామనుకున్నాను, సాఫ్ట్‌వేర్‌కు సులువవుతుందనుకున్నాను, ఇట్లాంటివి. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

“ఆమె డబ్బల రెండు గుడ్లుంటయి మేడం. నా దాంట్ల ఒకటే.”

గోవిందు పోస్తున్న చాయ్ గ్లాసు నిండి, సాసరు నిండి, కాంట్రాక్టు కాగితం అంచు దాకా పారింది. ఎవరూ కదల్లేదు.

“కుళ్లు మేడం” అన్నాడు స్టీఫెన్. “ఇంకేం లేదు. వట్టి కుళ్లు.”

జయశ్రీ మేడం కాగితం పక్కకు లాగి, చాయ్ తుడిచి, “ఆ చుక్కల రోజులు సరిచేసి మళ్లీ నడిపించు” అంది అర్చనతో. గంట పట్టింది. ఆ గంటా స్టీఫెన్ గోడ పక్కన నిలబడే ఉన్నాడు. తెర మీద మీటరు గీత, సాఫ్ట్‌వేర్ గీత మెల్లగా వచ్చాయి. పెబ్బేరు సంతలో ఏరికోరి జతచేసిన ఎడ్లలా ఒకదాని పక్కన ఒకటి నడిచాయి.

కాంట్రాక్టు పొడిగించారు. స్టీఫెన్‌కు ఇరవైమూడేళ్లలో మొదటి మెమో వచ్చింది. ఇకమీదట చీటీలు లేవు, రిజిస్టర్‌నే ఫొటో తీసుకోవాలి అని అందులో ఉంది. అతడు దాన్ని చదివి, మడిచి, రిజిస్టర్ అట్టలో పెట్టుకున్నాడు. గోవిందు హోటల్లో ఆ వారమంతా చాయ్‌తోపాటు ఉడికించిన గుడ్లు అమ్మకానికి వచ్చాయి. “స్టీఫెనన్నా, ఒకటా రెండా?” అని అడగనివాడు లేడు. స్టీఫెన్ తల వంచుకుని తాగి పోయేవాడు. ఆకాశం వంక చూసే మొహం అతనికి లేకపోయింది.

అదంతా పడవచ్చు. పడలేకపోయింది ఇంకొకటి. మరునాటి నుంచి అర్చన అతణ్ణి సార్ అనసాగింది.

“గుడ్ మార్నింగ్ సార్. రిజిస్టర్ సార్. థాంక్యూ సార్.”

కోరుకున్న మాటే. నలుగురి ముందూ అంటోంది. ప్రతిసారీ కంట్లో పెసల పొట్టు పడ్డట్టు ఉండేది. టిఫిన్ డబ్బా కూడా అతడి చేతుల మీదుగా తీసుకోవడం మానేసి, పొద్దున్నే తానే ఇంటికి వచ్చి ఏసమ్మ దగ్గర తీసుకుని పోయేది. ఆ సమయానికి స్టీఫెన్ పెరట్లో ఏదో పని కల్పించుకునేవాడు.

ఇరవై రోజులు గడిచాయి. గాలి మళ్లింది. బాణం మొహం తూర్పుకు తిరిగింది, చలి మొదలైంది. ఒక పొద్దున స్టీఫెన్ లెక్క రాసి గేటు దగ్గరికి వస్తే, అక్కడ తన చెప్పుల పక్కన ఇంకో జత చెప్పులున్నాయి. ఆ పిల్ల లోపల వట్టికాళ్లతో మీటరు గాజు తుడుస్తోంది. తన చెప్పులు తొడుక్కుని రోడ్డు దాటిపోయాడు. కాసేపటికి ఆమె కూడా హోటల్‌కు వచ్చి ఇంకో బెంచీ మీద కూర్చుంది.

గోవిందు పంపు పక్కన పెట్టుకుని ఇద్దరికీ నడుమ నిలబడ్డాడు. ఎవర్ని అడగాలో తెలియక ఎదురుగా ఉన్న వేపచెట్టును అడిగినట్టు అడిగాడు.

“ఇయ్యాల మందు కొట్టొచ్చునా?”

స్టీఫెన్ గ్లాసులోకి చూస్తూ, గడ్డంతో ఆ పిల్ల వైపు చూపించాడు.

“నన్నెందుకు అడుగుతవన్నా” అంది అర్చన. “బాణం చూసొచ్చింది అంకుల్ కద. ఆయన్నే అడుగు.”

స్టీఫెన్ చాయ్ ఒక గుక్క తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. ఆకాశం వంక చాలాసేపు చూశాడు. ఈసారి అది గొప్పకు కాదు. కళ్లలోనిది కిందికి జారకుండా చూసుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు. అర్చన కూడా బిస్కెట్ చేత్తో పట్టుకుని ఆగింది.

“తూర్పు గాలి” అన్నాడు చివరికి. “అంటే తూర్పు నుంచి వచ్చి పడమరకు పోతది.”

“గంత పొడుగెందుకన్నా, కొట్టాల్నా వద్దా?” అన్నాడు గోవిందు.

“కొట్టుకో.”

మరునాటి నుంచి డబ్బాలు రెండూ మళ్లీ స్టీఫెన్ బండికే వేలాడాయి. దారిలో, మునుపు ఆగిన చోటే, బండి ఎందుకో మెల్లబడింది. తన డబ్బా మూత తీసి చూసుకున్నాడు. రెండు గుడ్లు. ఆ పిల్ల డబ్బాలో ఎన్ని ఉన్నాయో చూడలేదు. మూత మీద చెయ్యి మాత్రం ఒకసారి వేసి, ఎర్రదేనా అని చూసుకుని, బండి ముందుకు పోనిచ్చాడు.